ఐలమ్మ అనే పేరు ఎక్కడిది?

(ఐలమ్మ వర్ధంతి నాడు విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



ఐలమ్మ సభ అంటే మాట్లాడేటోళ్లందరు విస్నూరు గడి కాడ మొదలువెట్టి పాలకుర్తి పొలం కాడ ఆపుతరు. అది చెప్పవలసిందే, ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. కని ఇయ్యాల మేము ఆమె పోరాటం గురించి కాకుండ ఆమె పేరు గురించి మాట్లాడుదమని వచ్చినం. పేరుల ఏముంటది, ఇంత పెద్ద సభ పెట్టుకొని పేరు గురించా అని మీకు అనిపించొచ్చు. ఈ మధ్య కొన్ని ఫ్లెక్సీల మీద, కొన్ని కరపత్రాల మీద 'ఇలమ్మ' అని అచ్చు వేస్తున్నరు. వేసి ఊకుంటలేరు. 'ఇల అంటే భూమి, భూమి కోసం కొట్లాడింది కాబట్టి ఇలమ్మ' అని అర్థం కూడ చెప్తున్నరు. చప్పట్లు కూడ పడుతున్నయి. వినేతందుకు సొంపుగనే ఉన్నది. కని ఆ మాట నిజం కాదు. దాన్ని గట్లనే వదిలిపెడితే పేరు వెనుక ఉన్న ఊరు పోతది, దేవుడు పోతడు, ఆ పేరు పెట్టుకున్న కులాల చరిత్ర పోతది. అందుకని ఈ ముచ్చట.

ముందుగాల ఎదుటివాళ్ల మాటను సరిగ్గ విందం. సంస్కృతంల 'ఇల' అంటే భూమి. అబద్ధం లేదు. పురాణాలల్ల ఇల అనే ఆమె కూడ ఉన్నది. మనువు బిడ్డ. కొంతకాలం మగవాడు, కొంతకాలం ఆడమనిషి అయి బతికినట్టు కథ. ఆమెకు బుధునితోని పుట్టిన కొడుకు పురూరవుడు. ఇల కొడుకు కాబట్టి ఆయనను ఐలుడు అన్నరు. చంద్రవంశపు రాజులందరు ఆ తొవ్వలనే వచ్చినోళ్లు. కాబట్టి పండితుడు కావాలనుకుంటే 'ఇలమ్మ'కే కాదు, 'ఐలమ్మ'కు కూడ సంస్కృతంల పుట్టుక చూపిస్తడు. వ్యాకరణం అడ్డు రాదు.

కని మేము అడిగేది ఒక్కటే. ఈ పేరు ఎవరికున్నది? ఎక్కడున్నది? చంద్రవంశం కథ పురాణంల చదువుకున్న ఇండ్లల్ల ఆడపిల్లకు ఐలమ్మ అని పేరు పెట్టిన్రా? కోనసీమలనో, గుంటూరు దిక్కునో ఐలమ్మలు ఊరికి నలుగురు ఉన్నరా? ఈ పేరు వరంగల్, హనుమకొండ, జనగామ దిక్కు, దాని చుట్టుపక్కల ఇండ్లల్ల వినబడ్తది. గొల్ల, కురుమ, చాకలి, గౌడ, మాదిగ వాడలల్ల వినబడ్తది. ఇంకొకటి కూడ చూడాలె. ఐలమ్మ ఉన్న ఊళ్లె ఐలయ్య కూడ ఉంటడు. ఇల అనే ఆడదేవత మీదనే పేరు పెట్టుకుంటే ఐలయ్య ఎందుకుంటడు? ఎల్లమ్మ మీద ఎల్లయ్య వచ్చిండు గద అనొచ్చు. వచ్చిండు. కని ఎల్లమ్మకు ఊరూర గుడి ఉన్నది, బోనం ఉన్నది, కథ చెప్పేటోళ్లు ఉన్నరు. ఇలకు మన ఊళ్లల్ల గుడి ఏది? బోనం ఏది?

ఐలమ్మకు గుడి ఉన్నది. అది ఐలోని మల్లన్న గుడి. ఇప్పటి హనుమకొండ జిల్లాల ఐనవోలు. బోర్డు మీద మల్లికార్జునస్వామి దేవస్థానం అని ఉంటది. జాతరకు పోయే ముసలవ్వను ఎక్కడికి పోతున్నవని అడుగుర్రి. ఐలోని మల్లన్న కాడికి అంటది. సంక్రాంతికి మొదలైన జాతర ఉగాది దాక నడుస్తది. ఆ మల్లన్నకు మొక్కుకొని కన్న బిడ్డకు ఐలమ్మ అని, కొడుకుకు ఐలయ్య అని పేరు పెట్టుకున్నరు. ఇంతకు మించి దీంట్ల గుట్టు లేదు.

మరి ఐలోని ఎట్ల వచ్చింది? గుడి కాడ చెప్పే మాట ప్రకారం కాకతీయుల కాలంల అయ్యనదేవుడనే మంత్రి ఈ గుడి కట్టించిండు. ఆయన పేరు మీద అయ్యనవోలు. 'ప్రోలు' అంటే ఊరు, పట్టణం. అది ఇంకో మాటకు తోకగ చేరినప్పుడు 'వోలు' అయితది. అయ్యనవోలు నోట్ల నలిగి ఐనవోలు అయ్యింది. ఐనవోలు ఇంకింత నలిగి ఐనోలు. ఇగ ఐనోలు అన్నప్పుడు నకారం, లకారం ఒకదాని జాగల ఒకటి వచ్చి కూసుంటే ఐలోను, ఐలోని. గిట్ల అక్షరాలు జాగ మార్చుకునుడు జనం నోట్ల కొత్త కాదు. వారణాసి బనారసు అయ్యింది గద, అక్కడ రకారం, నకారం తారుమారైనయి. లక్నోను మన పట్నంల నఖ్లౌ అనేటోళ్లు ఉన్నరు. చదువురానోళ్లు తప్పు పలికిన్రు అని ఐలోనిని కొట్టేసేటోళ్లు, బనారసును ఎందుకు కొట్టేయరో మాకు తెల్వదు.

ఒక మంత్రి పేరు ఊరి పేరైంది. ఊరి పేరు దేవుని పేరైంది. దేవుని పేరు చాకలింటి ఆడపిల్ల పేరైంది. ఆఖరికి ఆ మంత్రిని ఎవరూ యాది చేస్తలేరు, ఆడపిల్ల పేరే మిగిలింది.

మల్లన్న గురించి జర ఎక్కువ చెప్పుకోవాలె. ఎందుకంటే పేరుకు బలం అక్కడినుంచే వచ్చింది. మల్లన్న కథ చెప్పేది ఒగ్గోళ్లు. చేతిల ఒగ్గు అంటే శివుని డమరుకమే. వాళ్లు కథ చెప్పుడే కాదు, పట్నం వేస్తరు. రంగు రంగుల పిండితోని నేల మీద ముగ్గు పరిచి దాని మీదికి దేవున్ని పిలుస్తరు. మొక్కినోళ్ల నొసట బండారి పెడ్తరు. బోనం ఎత్తుకొని, జుట్టు విరబోసుకొని శివసత్తులు ఆడుతరు. మల్లన్నకు ఇద్దరు భార్యలు. ఒకామె బలిజ మేడలమ్మ, ఇంకొకామె గొల్ల కేతమ్మ. దేవుడే రెండు కులాల ఇండ్లకు అల్లుడు. ఇదే దేవుడు కన్నడ దేశంల మైలారుడు. మరాఠీ దేశంల జేజురి ఖండోబా. అక్కడ కూడ ఇద్దరు భార్యలు, మ్హాళ్సా, బాణాయి. ఒకామె వ్యాపారం చేసే ఇంటి పిల్ల, ఒకామె గొర్లు కాసే ధనగర్ల పిల్ల. అక్కడ కూడ పసుపే ప్రసాదం. అంటే మన మల్లన్న దక్కన్ పీఠభూమి దేవుడు. గొర్ల మంద ఎంతదూరం మేతకు పోయిందో అంతదూరం పోయిన దేవుడు. భాషలు మూడైనా మొక్కు ఒక్కటే.

ఇది నిన్న మొన్నటిది కాదు. కాకతీయుల ఓరుగల్లు వీధులను కండ్లకు కట్టిన క్రీడాభిరామంల మైలారు వీరభటులు నిప్పుల గుండాలల్ల దూకుడు ఉన్నది. మైలారుని గొరగపడుచు ఆట ఉన్నది. కొమురెల్లి జాతరల ఇప్పటికీ అగ్నిగుండాలు తొక్కుతున్నరు. ఆ కాలం ఓరుగల్లు బజారుల ఆడిన ఆట, ఇప్పటి శివసత్తుల ఆట ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మధ్యల తెగిన దారం మాకైతే కనబడలేదు.

కొమురెల్లి అన్నం గద, అక్కడ ఇంకో పేరు ఉన్నది. కొమురవెల్లి మల్లన్నకు మొక్కి కన్న పిల్లలు కొమురయ్యలు, కొమురమ్మలు, కొమురవ్వలు, కొమురెల్లిలు. ఇప్పుడు చరిత్ర దిక్కు చూడుర్రి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంల మొట్టమొదలు చెప్పే రెండు పేర్లేవి? పంట గింజను కాపాడుకున్న ఐలమ్మ. 1946 జులై 4 నాడు కడవెండిల దొర గుండాల తూటాకు ఒరిగిన దొడ్డి కొమురయ్య. ఒకరు చాకలి, ఒకరు కురుమ. ఒకరిది ఐలోని మల్లన్న పేరు, ఒకరిది కొమురెల్లి మల్లన్న పేరు. ఇద్దరు కొట్లాడింది ఒక్క విస్నూరు దేశముఖు మీదనే. ఇది యాదృచ్ఛికం అని మేము అనుకుంటలేము. నలభై వేల ఎకరాల దొర కింద నలిగిన కులాలేవో, మల్లన్నకు మొక్కిన కులాలు కూడ అవే. పోరాటంల ముందటికి వచ్చిన మనుషుల పేర్లు ఆ దేవుని పేర్లు కాకుంటే ఇంకెవరివి అయితయి? (కొమురం భీము పేరును దీంట్ల కలుపొద్దు. అది గోండుల ఇంటిపేరు, దాని తొవ్వ వేరే.)

ఐలమ్మ సొంత ఇంటికి పోదం. ఆమె 1895ల పుట్టిందని చెప్తరు. ఊరు రాయపర్తి మండలం క్రిష్ణాపురం. ఐలోనికి బండి కట్టుకొని పోయి రాగలిగే దూరం. తండ్రి సాయిలు, తల్లి మల్లమ్మ. ఇంటిపేరు ఓరుగంటి. తల్లి పేరుల దేవుడు ఉన్నడు, బిడ్డ పేరుల దేవుని ఊరు ఉన్నది, ఇంటిపేరుల ఓరుగల్లు ఉన్నది. ఒక్క కుటుంబం పేర్లల్ల ఇంత భూగోళం ఉన్నది. చదువు చెప్పే పంతులు లేడు, రాసిపెట్టే కరణం లేడు. ఆ ఇంటోళ్లు తమ చరిత్రను పిల్లల పేర్లల్లనే పెట్టుకున్నరు.

ఈ లెక్కన చూస్తే తెలంగాణల ఆడవాళ్ల పేర్లన్నీ తొవ్వ చూపిస్తయి. యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. రాజవ్వ అంటే ఏములాడ రాజన్న. సమ్మక్క, సారక్క అంటే మేడారం. లింగమ్మ అంటే ఒకదిక్కు లింగమంతులు. పేరు విని ఏ జాతరకు పోయే ఇల్లో చెప్పే పెద్దమనుషులు మన ఊళ్లల్ల ఉన్నరు. అవ్వ అంటే ఉత్తర తెలంగాణ, అమ్మ అంటే ఇటు దిక్కు అని కూడ పసిగడ్తరు.

'అమ్మ' అన్న తోక గురించి ఒక్క మాట. గడీలల్ల దొరసానికి అమ్మ అన్న మాట ఉండె. వెట్టికి వచ్చే ఆడమనిషికి లేకుండె. మల్లమ్మ మల్లి అయ్యేది, ఎల్లమ్మ ఎల్లి అయ్యేది, ఐలమ్మ ఐలి అయ్యేది. మగోళ్లకు ఇంకా అన్యాయం, కొమురయ్య కొమ్రిగాడు. తల్లి మొక్కుకొని పెట్టిన పేరును సగానికి నరికి పిలిచేటోళ్లు. సంఘం వచ్చినంక, అంటే ఆంధ్రమహాసభ ఊళ్లెకు వచ్చినంక, వెట్టి బందు అన్న మాటతోని పాటు నిండు పేరుతోని పిలుచుడు కూడ వచ్చింది. మల్లంపల్లి దొర కాడ కౌలుకు తీసుకున్న భూమిల నాలుగెకరాలు ఐలమ్మ సాగుచేసింది. విస్నూరు దేశముఖు మనుషులు పంట ఎత్తుకపోను వచ్చినప్పుడు సంఘపోళ్లు ఆమె దిక్కు నిలబడ్డరు. ధాన్యం ఆమె ఇంటికే చేరింది. ఆ దెబ్బకు 'ఐలి' అనే మాట పోయింది. ఐలమ్మ అనే మాట నిలబడ్డది.

ఇగ ఆమె ముందటి మాట ఏది ఉండాలె, చాకలి అనాలెనా, చిట్యాల అనాలెనా? సభలల్ల ఎప్పుడూ వచ్చే పంచాయితి ఇది. చిట్యాల ఆమె అత్తగారి ఇంటిపేరు, భర్త చిట్యాల నర్సింహ. కులం పేరు పెట్టి పిలుచుడు తప్పు కాబట్టి చిట్యాల ఐలమ్మ అనాలె అంటరు కొందరు. రెడ్డి పేరు పక్కన రెడ్డి ఉంటే గౌరవం, చాకలి అంటే తప్పా అని అడుగుతరు ఇంకొందరు. మాకైతే రెండో మాట దిక్కే మొగ్గు ఉన్నది. రేవుల బట్టలుతికే కులం నుంచి వచ్చిన మనిషి దేశముఖును ఎదిరించిందన్న సంగతి పేరులనే తెలువాలె. కని ఆ మాటను తిట్టు లెక్క వాడేటోళ్లు ఇంకా ఉన్నంతకాలం చిట్యాల అనేటోళ్ల బాధను కూడ తీసిపారేయరాదు. 2024ల మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరే పెట్టిన్రు. కోఠిల బ్రిటిష్ రెసిడెంటు ఉన్న బంగ్లా ఆవరణకు రేవు కాడి మనిషి పేరు వచ్చింది. మంచిదే.

అయితే పేరు పెట్టుడు ఎంత ముఖ్యమో సరిగ్గ రాసుడు అంత ముఖ్యం. ఇది ఉద్యోగ మిత్రులతోని చెప్పవలసిన ముచ్చట. ఐలమ్మ పేరు మూడు లిపుల నడుమ ఎంత నలిగిందో చూడుర్రి. నిజాం కాలంల రెవెన్యూ రికార్డు ఉర్దూల ఉండె. ఉర్దూల అలిఫ్ పక్కన యే రాస్తే అది 'ఐ' కావచ్చు, 'ఏ' కావచ్చు, 'ఈ' కావచ్చు. చదివేటోని మీద ఉంటది. ఐలమ్మ, ఏలమ్మ, ఈలమ్మ ముగ్గురు కాయితం మీద ఒక్కతీరుగనే కనబడ్తరు. తర్వాత ఇంగ్లిషు వచ్చింది. ఇంగ్లిషుల ఒక అక్షరం పేరే 'ఐ'. కాబట్టి గుమస్తా ఐలమ్మను ఆ ఒక్క అక్షరంతోని మొదలువెట్టి రాస్తడు. ఆయన లెక్కల అది సరిగ్గనే ఉన్నది. ఆ కాయితం మన ప్రాంతం తెల్వనోని చేతిల పడితే ఆయన ఇలమ్మ అని చదువుతడు, మళ్ల తెలుగుల ఇలమ్మ అని ఎక్కిస్తడు. ఇంకొకరు ముందట ఇంకో అక్షరం పెట్టి రాస్తే ఎయిలమ్మ అయితది. చంద్రవంశం కథ, భూమి కథ తర్వాత వచ్చినయి. ముందు వచ్చింది గుమస్తా కలం.

దీంతోని నష్టం ఎవరికి? పట్టా పాసుబుక్కుల ఐలమ్మ. ఆధారుల ఇలమ్మ. బ్యాంకు పుస్తకంల ఎయిలమ్మ. మనిషి ఒక్కతే. పింఛను కాడ, పంట పైసల కాడ, బిడ్డకు భూమి రాసిచ్చే కాడ ఈ ముగ్గురు ఐలమ్మలు ఒక్కటే అని రుజువు చేసుకోవాలె. అఫిడవిట్ రాయించుడు, నోటరీ, జిరాక్సులు, ఆఫీసుకు పోతే రేపు రమ్మనుడు. డెబ్భై ఏండ్ల మనిషి ఆటోల తిరుగుతది. తన పేరు తనదే అని చెప్పుకునేతందుకు ఆమె కిరాయి కట్టుకోవాలె. మిత్రులారా, రికార్డుల ఎక్కించే కాడ కూసున్నది మన ఉద్యోగులే. 2014 జూన్ 2 నాడు రాష్ట్రం వచ్చింది. ఆ పేరును సరిగ్గ పలుకగలిగే మనిషే ఇప్పుడు కుర్చీల ఉన్నడు. వయసు మీద పడ్డ మనిషి వస్తే కార్డు చూసుడు కంటె ముందు, అమ్మా నీ పేరేంది అని నోటితోని అడుగుర్రి. ఆమె పలికినట్టు తెలుగుల రాయుర్రి. అనుమానం ఉంటే ఏ దేవుని పేరమ్మా అని అడుగుర్రి. ఐలోని మల్లన్న అంటది. ఇగ ఐకారం రాయాల్నా ఇకారం రాయాల్నా అన్న పంచాయితి ఉండదు.

విద్యార్థి మిత్రులతోని ఇంకో తీరు ముచ్చట. మీల ఎంతమంది అమ్మమ్మ పేరు ఐలమ్మ, నాయనమ్మ పేరు కొమురవ్వ? చేతులెత్తుర్రి అంటే ఎత్తుతరు, ఈ సభల కాబట్టి. హాస్టల్ల ఎత్తుతరా? మేము చదువుకున్న వాచకాలల్ల ఐలమ్మ అనే పిల్ల ఉన్నట్టు మాకు యాదికి లేదు. సినిమాల ఇటువంటి పేరు, మన యాస పనిమనిషికో, నవ్వులాటకో పెట్టిన్రు. సదువుకున్న ఇంట్ల ఐలయ్య కొడుకు ఐలేష్ అయిండు, ఐలమ్మ మనుమరాలు ఐశ్వర్య అయింది. మొదటి అక్షరమన్న మిగిలిందని సంతోషపడాల్నేమో. పిల్లలకు కొత్త పేర్లు పెట్టుకునుడు తప్పు అని మేము అంటలేము. ఎవరి బిడ్డ వాళ్ల ఇష్టం. ముసలామె పేరు అడిగితే సిగ్గుపడి నోట్లనే నమిలే పిల్లలను చూస్తే మాత్రం కోపం వస్తది. ఆ సిగ్గు వాళ్లది కాదు, వాళ్లకు నేర్పిచ్చింది.

అందుకని ఒక పని చెప్పి ముగిస్తం. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోర్రి. వాడకట్టుల ఉన్న ఐలమ్మ, ఐలవ్వ, ఐలయ్య, కొమురమ్మ, కొమురవ్వ, కొమురయ్యలందరి పేర్లు వాళ్లు పలికినట్టే రాసుకోర్రి. ఎవరు మొక్కిన్రు, ఎందుకు మొక్కిన్రు, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీసిన్రు, పట్నం వేసిన ఒగ్గాయన ఏ ఊరాయన, ఇవన్నీ అడుగుర్రి. అటెన్క పాసుబుక్కుల పేరు ఎట్ల ఉన్నదో, ఆధారుల ఎట్ల ఉన్నదో పక్కపొంటి రాయుర్రి. తేడా ఉన్నోళ్ల జాబితా వేరే తీయుర్రి. ఆ జాబితను మన ఉద్యోగ మిత్రుల చేతిల పెడుదం. ఉగాదికి జాతర అయిపోయేలోపట ఎన్ని పేర్లు దిద్దిచ్చినమో మళ్ల ఇక్కడనే కూసొని లెక్క చూసుకుందం.